ఎండాకాలం దావత్‌లో ముంజల కాక్‌టెయిల్: ఇది మన వంటేనా, కల్లు ఉండగా ఎందుకు?

హన్మకొండ_వంటిల్లు
ఎండాకాలంలో మన దగ్గర దొరికే కాయలతో, ఆకులతో ఇంట్లో కాక్‌టెయిల్ కలిపితే అది కూడా మన ఇంటి వంటే అంటాను. మా పెద్దబావ ఒప్పుకోడు. "కల్లు ఉండగా ఈ వేషాలెందుకు" అని మొన్న దావత్‌లో అందరి ముందు గ్లాసు పక్కన పెట్టేశాడు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

చేసింది ఇదీ. మడికొండ దగ్గర రోడ్డు పక్కన లేత ముంజలు కొన్నాను. వాటి పొట్టు తీసి, మిక్సీలో వేయకుండా చేత్తోనే నలిపి, నిమ్మరసం, పుదీన, చిటికెడు ఉప్పు, కొంచెం పటికబెల్లం పొడి కలిపాను. గ్లాసుకు 45 మి.లీ. వోడ్కా, ఐస్, పైన సోడా. రెండోది కాల్చిన మామిడికాయ గుజ్జు, వేయించిన జీలకర్ర, బెల్లం, తెల్ల రమ్ముతో. ఆ గ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది ఉప్పు, చపాటా మిర్చి కారం అద్దాను. తిండికి బగారన్నం, చింతచిగురు మాంసం, అవే కాల్చిన మామిడికాయలతో నువ్వుల పొడి వేసి చేసిన పచ్చిపులుసు.

ఒకే మామిడికాయ పచ్చిపులుసులోకి పోతే వంట, గ్లాసులోకి పోతే వేషం ఎట్లా అవుతుంది?

పరకాల_పిల్ల
రెండోది మస్తుంది. రమ్ము తీసేసి పిల్లలకు చేస్తా.

గీతన్న_కొడుకు
అన్నా, మీ బావ చెప్పిందే నిజం. ముంజకు ఉన్నదే లేత తీపి, సన్నని వాసన. దాని మీద 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న వోడ్కా, నిమ్మ, పుదీన, సోడా పోస్తే ఇంకా ముంజ ఎక్కడ మిగిలింది? నాలుకకు మెత్తగా తగులుతుంది, అంతే. రేపు ముంజల బదులు సబ్జా వేసినా మీ చుట్టాలకు తేడా తెలియదు.

తాటిచెట్టు తనంత తానే ఇచ్చేది ఒకటి ఉంది. పొద్దున దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కే కొద్దీ పులుపు తేలుతుంది. చింతచిగురు మాంసం పక్కన దానికంటే కుదిరేది నాకు తెలియదు. ఇంకో మాట. ఆడచెట్టు గెలను కల్లుకు గీస్తే ఆ గెలకు ముంజలు కాయవు. ముంజలు కాయనిచ్చామంటే అంత కల్లు వదులుకున్నట్టే. అట్లా వదులుకున్న ముంజను తీసుకుపోయి ఫ్యాక్టరీ మందులో ముంచుతారా?

నర్సంపేట_అక్క
ముంజల పొట్టు ఎందుకు తీశారు? ఆ పొట్టులోనే వగరు ఉంటుంది. నిమ్మ, బెల్లం పడ్డప్పుడు ఆ వగరు లేకపోతే ఉత్త షర్బత్ అవుతుంది.

ఎనుమాముల_మిర్చి
చపాటా కారం పట్టించిందా, ప్యాకెట్‌దా? చపాటా గొప్ప దాని రంగులో ఉంది, మంట తక్కువ. టమాటా మిర్చి అని మావాళ్ళు ఊరికే అనరు, ఆకారం అట్లాగే ఉంటుంది. 2025లో వరంగల్ చపాటాకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. గ్లాసు అంచుకు అదే సరైనది. మంట ఎక్కువుండే తేజ మిర్చి కలిసిన కారం అద్దితే పెదవులు మండిపోతాయి, ఇంక మామిడి రుచి తెలియనే తెలియదు.

హన్మకొండ_వంటిల్లు
మిర్చి అన్నా, మార్కెట్లో కొని గిర్నీలో పట్టించిందే. తొడిమలు తీసి పట్టించాను.

అక్కా, పొట్టు ఉంచితే గ్లాసులో గోధుమరంగు తునకలు తేలుతాయి, నోటికి అడ్డం పడతాయి. తినేటప్పుడు పొట్టుతో తినండి, తాగేటప్పుడు తీయాల్సిందే.

గీతన్న తమ్ముడికి జవాబు. వోడ్కాకు సొంత రుచి లేదు కాబట్టే తీసుకున్నాను. విస్కీ పోస్తే మీరన్నట్టు ముంజ చచ్చిపోతుంది. ఇక కల్లు సంగతి. మేముండేది అపార్ట్‌మెంట్లో. పొద్దున చెట్టు దించిన కల్లు మా బల్ల మీదికి వచ్చేసరికి ఒంటిగంట. నురగలు కక్కుతూ పుల్లగా వస్తుంది. అది నిజంగా చెట్టుదేనా అన్న టెన్షన్ ఒకటి. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఇంటికి పిలిచిన చుట్టాలకు ఏం పోస్తున్నానో నాకు తెలియాలి. సీలు వేసిన సీసాలో ఏముందో తెలుస్తుంది.

కాజీపేట_జంక్షన్
సీలున్నా లేకున్నా ఒకటి గుర్తుంచుకోండి. మద్యం ఒంట్లో నీళ్ళను మూత్రంగా బయటికి పంపిస్తుంది. మే నెల మధ్యాహ్నం తియ్యగా, చల్లగా ఉందని గడగడా తాగితే ఎంత ఎక్కిందో తెలిసేలోపే ఆలస్యమవుతుంది. పక్కన మజ్జిగ కుండ పెట్టండి.

గీతన్న_కొడుకు
కల్తీ మాట వస్తుందని నాకు ముందే తెలుసు. ఎప్పుడూ అదే వస్తుంది.

అల్ప్రాజోలం, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ నీళ్ళలో కలిపి అమ్మేది కల్లు కాదు. చెట్లు తక్కువై, అమ్మకం ఎక్కువైన చోట జరిగే మోసం అది. చెట్టు కింద లొట్టి (కల్లు కుండ) దించుతుండగా తాగేవాడికి ఆ భయం లేదు. దాన్ని, దీన్ని ఒకే గాటన కట్టి, మోకు ముస్తాదు (చెట్టెక్కే తాడు, పనిముట్లు) కట్టుకుని పొద్దున, సాయంత్రం చెట్టెక్కే మనిషిని దొంగను చేస్తారు. కల్తీ మద్యం తాగి మనుషులు చచ్చిపోయిన రోజు వోడ్కా మానేస్తారా మీరు?

మా నాయన సంగతి చెబుతాను. ఒక పెద్ద పెళ్ళికి కల్లు కావాలని కబురు పెట్టారు. తెల్లవారకముందే దించి, లొట్టిలకు తాటాకు మూత కట్టి తీసుకుపోయాడు. ఫంక్షన్ హాల్ ముందు గేటు నుంచి పోనివ్వలేదు. వెనక జనరేటర్ పక్కన పెట్టుకోమన్నారు. లోపల ఏసీలో పొడుగు గ్లాసుల్లో ముంజలు, మామిడి వేసిన డ్రింకులు, వాటికి ఇంగ్లిష్ పేర్లు రాసిన బోర్డు. సూట్లు వేసుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వెనకకు వచ్చి, జనరేటర్ చప్పుడులో నిలబడి కల్లు తాగి, మూతి తుడుచుకుని లోపలికి పోయారు. మా నాయనను భోజనానికి కూర్చోమన్నవాళ్ళు లేరు. డబ్బులకు మూడు సార్లు తిప్పారు.

అదే చెట్టు ముంజ బోర్డు మీదికి ఎక్కింది. అదే చెట్టు కల్లు జనరేటర్ పక్కకు పోయింది. మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే అన్నా.

హన్మకొండ_వంటిల్లు
ఆ పెళ్ళివాళ్ళు చేసింది తప్పే. కానీ వాళ్ళు చేసినదానికి నా గ్లాసును ఎందుకు తిడుతున్నారు? నేను ఎవరినీ వెనక నిలబెట్టలేదు. ముంజలు అడిగిన ధరకే కొన్నాను, బేరం కూడా ఆడలేదు. నేను మాట్లాడుతున్నది వంట గురించి. పులుపు, తీపి, ఉప్పు, వగరు ఎట్లా కలపాలన్నది వంట. దాంట్లోకి కులవృత్తుల గౌరవం ఎట్లా వచ్చింది?

నర్సంపేట_అక్క
అక్కడినుంచే వస్తుంది. నేను పొట్టు గురించి అడిగింది ఊరికే కాదు. ఆ పొట్టు ఎవరు తీశారు?

హన్మకొండ_వంటిల్లు
ఇంట్లో అందరం తీశాం. దానికీ దీనికీ ఏంటక్కా?

నర్సంపేట_అక్క
అందరం అంటే ఎవరెవరు?

హన్మకొండ_వంటిల్లు
మా ఆవిడ, మా అత్తమ్మ తీశారు. నేను మాంసం చూసుకుంటున్నాను. చింతచిగురు మొదట్లోనే వేస్తే పులుపుకు ముక్క ఉడకదు, ముక్క పూర్తిగా మెత్తబడ్డాకే వేయాలి. అది వదిలిపెట్టి రాలేను కదా.

నర్సంపేట_అక్క
చిగురు ఎవరు ఏరారు? అరచేతుల మధ్య నలిపి, ఈనెలు, పుల్లలు చెరిగి పక్కన పెట్టింది ఎవరు? చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు.

మా ఇంట్లో ఎండాకాలం దావత్ అంటే నేను, నా తోటికోడలు వంటగదిలో కింద కూర్చుని గంపెడు ముంజలు ముందేసుకోవాలి. లేతవైతే గోరు తగిలితే చిట్లి నీళ్ళు కారిపోతాయి. ముదిరితే పొట్టు పట్టుకుని రాదు, కొంచెం కొంచెం గిల్లాలి. కాసేపటికి గోళ్ళ కింద మంట మొదలవుతుంది. ఫ్యాన్ పెడితే స్టవ్ మంట ఆరిపోతుందని ఫ్యాన్ ఉండదు. కూలర్ మగవాళ్ళు కూర్చున్న గదిలో. పోయినేడు మా మరిది ఇట్లాంటిదే కలిపాడు. కలిపింది రెండు నిమిషాలు. ఊరంతా "నీ చేతిలో మహత్యం ఉందిరా" అన్నారు. మేం తీసిన ముంజల్లో మాకు ఒక్కటి మిగల్లేదు.

నాకు వోడ్కా మీద కోపం లేదు. తాగేవాళ్ళు తాగండి. మీరు ఇంత పొడుగు పోస్టు రాసి, మడికొండ పేరు రాశారు, మిల్లీలీటర్లు రాశారు, కారం ఎక్కడిదో రాశారు. పొట్టు తీసినవాళ్ళ సంగతి మాత్రం నేను ఇన్నిసార్లు అడిగితే గానీ రాలేదు.

పరకాల_పిల్ల
అక్కా, ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

ఎనుమాముల_మిర్చి
పొట్టు తేలికగా రావాలంటే ముంజలను చల్లని నీళ్ళలో కాసేపు నానబెట్టండి.

నర్సంపేట_అక్క
అన్నా, నానబెట్టడం నాకు తెలుసు. నేను చెప్పేది అది కాదు.

నిర్వాహకుడు
వ్యక్తిగత దూషణలు లేవు కాబట్టి చర్చను మూయడం లేదు. మద్యం ధరలు, దుకాణాల పేర్లు రాయకండి.

హన్మకొండ_వంటిల్లు
అక్కా, మా ఇల్లు మీ ఇల్లు కాదు. మా ఆవిడకు ముంజల డ్రింకు ఇష్టం, తనూ తాగింది. వండేది నేనే కాబట్టి పోస్టులో నా వంట రాశాను. ప్రతి వంటకానికి ఉల్లిగడ్డ ఎవరు కోశారో రాస్తూ కూర్చోలేం. పచ్చిపులుసు గురించి రాస్తే ఎవరూ ఇట్లా అడగరు. గ్లాసు అనేసరికి అందరికీ లెక్కలు గుర్తొస్తున్నాయి. నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

నర్సంపేట_అక్క
పచ్చిపులుసు గురించి అడగరు, ఎందుకంటే అది రోజూ మేమే చేస్తాం, దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. మీరు దాన్ని కూడా వంట అనండి, దీన్ని కూడా వంట అనండి, నాకు అభ్యంతరం లేదు. రెండింటికీ ఒకే మర్యాద ఇవ్వండి.

గీతన్న_కొడుకు
అక్క అన్నదే నేనూ అంటున్నాను. చెట్టెక్కినవాడికి లేని పేరు గ్లాసు ఊపినవాడికి వస్తుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా (పులవని తాజా కల్లు) కేఫ్ తెరిచారు. అందరూ ఫొటోలు దిగారు, మంచిదే, మా వృత్తికి అది కావాలి. కానీ ఆ నీరా పులవకుండా ఉండాలంటే గీసేవాడు శుభ్రమైన కుండ కట్టి, ఎండ రాకముందే దించి చల్లగా పెట్టాలి. అంత పని ఉంటుంది దాని వెనక. 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో ప్రభుత్వం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, ఎందుకంటే చెట్టు మీదినుంచి పడి చనిపోయేవాళ్ళు, నడుం విరిగేవాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. మా మేనమామ పడ్డాడు. ఇప్పటికీ మంచం మీదే.

మీరు అడిగిన ధరకు ముంజలు కొన్నారు, సంతోషం. డబ్బులు ఇస్తే మర్యాద కూడా ఇచ్చినట్టే అనుకుంటున్నారు.

హన్మకొండ_వంటిల్లు
తమ్మీ, మీ మేనమామ విషయం విని బాధగా ఉంది. నేను అంత రాతిగుండె మనిషిని కాదు. సరే, వచ్చే దావత్‌కు మీ నాయన దగ్గరే కల్లు తీసుకుంటాను. ముంజల డ్రింకు పక్కనే ముందు బల్ల మీద పెడతాను. మా బావ ఏది తాగుతాడో, మిగతావాళ్ళు ఏది తాగుతారో చూద్దాం. పంపిస్తారా?

గీతన్న_కొడుకు
పంపించడం ఉండదు. మా నాయనే తెస్తాడు. వస్తే మీ బావ పక్కన కుర్చీ వేయాలి. మాంసం, బగారన్నం మీతోపాటే తింటాడు, ఎండ దిగాక పోతాడు. ఒప్పుకుంటే చెప్పండి.

హన్మకొండ_వంటిల్లు
మా ఇంటికి చేరేసరికి పుల్లబడుతుందని మొదట్లోనే అన్నాను. దానికి ఏం చేస్తారు? ఐస్ డబ్బాలో తెస్తారా?

గీతన్న_కొడుకు
ఐస్ డబ్బాలో తెస్తే మధ్యాహ్నం దాకా తీపి నిలుస్తుంది. నేను కుర్చీ సంగతి అడిగాను.