డబ్బు పెట్టే ముందు సింథ్ ప్లగిన్‌ని మీరు ఎలా పరీక్షిస్తారు?

హన్మకొండ_బీట్స్
అందరికీ నమస్తే. మూడేళ్ళుగా ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తున్నా. ఎక్కువగా జానపదాలకి డీజే మిక్సులు, ఈ మధ్య సొంతంగా టెక్నో లాంటిది మొదలుపెట్టా. ఇన్నాళ్ళూ ఎఫ్ఎల్‌తో పాటు వచ్చిన సింథ్‌లతోనే (కంప్యూటర్‌లో శబ్దాలు పుట్టించే వాయిద్యాలు) నెట్టుకొచ్చా. ఒక మంచిది కొందామని ఇరవై వేల దాకా పక్కన పెట్టి నాలుగు డెమోలు దించుకున్నా. తంటా ఏంటంటే నాలుగూ బాగానే ఉన్నాయి! ఏ ప్రీసెట్ (ముందే చేసి పెట్టిన సౌండ్) నొక్కినా సినిమా హాల్లో కూర్చున్నట్టుంది. నిన్న రాత్రి రెండు గంటలు ప్రీసెట్లు నొక్కుతూనే ఉన్నా, పాట నాలుగు బార్లు కూడా కదల్లేదు. యూట్యూబ్‌లో పోలికలు చూస్తే ఉన్న కాస్త క్లారిటీ కూడా పోయింది. ఏది కొన్నారని అడగట్లేదు, ఎలా తేల్చుకున్నారో చెప్పండి. ల్యాప్‌టాప్ ఐ5, 8 జీబీ ర్యామ్.

పాతకీబోర్డు
తమ్ముడూ, ముందు ఆ ప్రీసెట్లలో ఎఫెక్ట్స్ అన్నీ ఆపేసి విను. రివర్బ్, డిలే, కోరస్, చివర్లో మల్టీబ్యాండ్ కంప్రెసర్, అన్నీ. సగం ప్రీసెట్లు పైన పటారం లోన లొటారం. నువ్వు మెచ్చుకుంటున్నది సింథ్‌ని కాదు, దాని రివర్బ్‌ని. రివర్బ్ నీ దగ్గర ఇప్పటికే ఉంది కదా, దానికి మళ్ళీ డబ్బులెందుకు?

రెండోది సౌండ్ లెవెల్. ఒకటి రెండు డెసిబెల్స్ గట్టిగా ఉన్నది మన చెవికి "బాగున్నట్టు" అనిపిస్తుంది, గట్టిగా ఉన్నట్టు అనిపించదు. ఇందులో నేనూ మోసపోయా, ఇరవై ఏళ్ళ అనుభవం ఉండి కూడా. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచితంగా వస్తుంది, అది మాస్టర్ మీద పెట్టి నాలుగు సింథ్‌లనీ ఒకే లెవెల్‌కి తెచ్చి అప్పుడు పోల్చు.

ఆ తర్వాత ఇనిట్ ప్యాచ్‌తో (ఏ హంగూ లేని ఖాళీ సౌండ్) మొదలుపెట్టు. ఒక సా వేవ్ (రంపం పళ్ళ ఆకారం అల), ఒక లోపాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలని కోసేది), అంతే. రెజొనెన్స్ (కోత దగ్గర శబ్దాన్ని ఎగదోసేది) సగానికి పైన పెట్టి కటాఫ్‌ని (కోత మొదలయ్యే చోటు) పైనుంచి కిందికి మెల్లిగా తిప్పు. కొన్నిట్లో కింద బేస్ సన్నబడిపోతుంది, కొన్నిట్లో మెట్లు మెట్లుగా వినిపిస్తుంది, కొన్నిట్లో తిప్పుతూనే ఉండాలనిపిస్తుంది. నాకైతే సింథ్ అంటే ముప్పావు వంతు ఫిల్టరే.

రేపే_డెడ్‌లైన్
పాతకీబోర్డు గారితో సగమే ఒప్పుకుంటా. నేను యాడ్స్‌కి, షార్ట్ ఫిలిమ్స్‌కి బ్యాక్‌గ్రౌండ్ చేస్తా. సాయంత్రం ఆరింటికి ఫోన్, పొద్దున పదింటికి ఫైల్ కావాలి. నేను కొనేదే ప్రీసెట్ల కోసం, సిగ్గేం లేదు. ఆమ్నిస్ఫియర్‌లో 14 వేలకి పైగా సౌండ్స్ ఉన్నాయంటే ఆ డబ్బు ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని చేసిన సౌండ్ డిజైన్‌కే కడుతున్నాం. అదీ సింథ్‌లో భాగమే కదా.

కానీ ప్రీసెట్లని కూడా పరీక్షించే పద్ధతి ఉంది. ఖాళీ ప్రాజెక్ట్‌లో నొక్కుకుంటూ పోతే అన్నీ బాగుంటాయి. నేను సగం పూర్తయిన పాట తెరిచి, అది ప్లే అవుతుండగా వరసగా 30 ప్రీసెట్లు వేస్తా. ఒక్కోదానికి రెండు నిమిషాలు. ఆ టైమ్‌లో మాక్రో నాబ్‌లు (ఒకేసారి చాలా సెట్టింగులు మార్చే మీటలు) తిప్పో, ఈక్యూతో కింది ఫ్రీక్వెన్సీలు కాస్త కోసేసో పాటలో ఒదిగితే ఒక గీత గీసుకుంటా. ఒక పేరున్న సింథ్‌లో 30కి 4 వచ్చాయి. నేను పెద్దగా పట్టించుకోని ఇంకోదాంట్లో 13. ఏది కొన్నానో చెప్పక్కర్లేదు. ఇంకోటి, బ్రౌజర్ చూడండి. ట్యాగులు సరిగ్గా లేకపోతే వేల ప్రీసెట్లున్నా గోనెసంచిలో చెయ్యి పెట్టి వెతికినట్టే.

ధ్వనిపిచ్చి
ఇంజనీరింగ్ వైపు నుంచి ఒకటి. ఏలియాసింగ్. శాంపిల్ రేట్ 44.1 కిలోహెర్ట్జ్‌లో (అంటే సెకనుకి 44,100 శాంపిల్స్) పని చేస్తున్నప్పుడు 22.05 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దానికి చోటు లేదు. సా వేవ్ హార్మోనిక్స్ (మూల స్వరానికి రెట్లలో మోగే పై శబ్దాలు) ఏమో పైకి పోతూనే ఉంటాయి. సింథ్ వాటిని సరిగ్గా ఆపకపోతే గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి కింది ఫ్రీక్వెన్సీల్లో పడతాయి, అక్కడ అవి నీ స్వరానికి సంబంధం లేని చోట మోగుతాయి.

పరీక్ష తేలిక. వాక్సెంగో స్పాన్ అని, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో గ్రాఫ్‌లో చూపే ఉచిత అనలైజర్ ఉంది. సింథ్‌లో సా వేవ్ ఒక్కటే, ఫిల్టర్ ఆఫ్, ఎఫెక్ట్స్ ఆఫ్, కీబోర్డ్‌లో బాగా పై ఆక్టేవ్‌లో ఒక స్వరం పట్టి పిచ్‌ని మెల్లిగా పెంచండి. స్పాన్‌లో కనిపించే శిఖరాలన్నీ కుడివైపుకే జరగాలి. ఏవైనా ఎడమవైపుకి నడుస్తుంటే అదే ఏలియాసింగ్. తర్వాత ఎఫ్ఎం (ఒక అలతో ఇంకో అల ఫ్రీక్వెన్సీని ఊపడం) కాస్త పెంచి మళ్ళీ చూడండి, చాలా సింథ్‌లు అక్కడే దొరికిపోతాయి. ఓవర్‌శాంపులింగ్ (లోపల ఇంకా ఎక్కువ శాంపిల్ రేట్‌లో లెక్కించడం) ఉంటే 2 రెట్లు పెట్టి మళ్ళీ చూడండి, సీపీయూ ఎంత పెరిగిందో కూడా.

అయితే దీన్ని మతం చేసుకోవద్దు. నేను ఆరునెలలు పాటలు చెయ్యడం మానేసి గ్రాఫులు చూస్తూ కూర్చున్నా. పాత డిజిటల్ సింథ్‌ల గరుకుతనాన్ని ఇష్టపడేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. మీరు వాయించే రేంజ్‌లో చెవికి వినిపిస్తుందా లేదా అన్నదే లెక్క.

వీణ_నుంచి_వైటల్
నా పరీక్ష వేరు. పదేళ్ళు వీణ నేర్చుకున్నా, ఇప్పుడు డల్లాస్‌లో ఉద్యోగం, రాత్రిపూట యాంబియెంట్ చేస్తుంటా. ఏ సింథ్ తెరిచినా మొదట తోడి గాంధారం పలుకుతుందా అని చూస్తా. నవ్వకండి, ఈ ఒక్క స్వరంతో సగం విషయం బయటపడుతుంది. గాంధారం నిలకడగా ఉండదు, ఊగుతుంది, ఆ ఊపు కూడా సమానంగా ఉండదు. ఎల్ఎఫ్ఓ (నెమ్మదిగా, సమానంగా ఊపే అల) పెట్టి విబ్రాటో ఇస్తే అంబులెన్స్ సైరన్ లాగుంటుంది.

కాబట్టి చూసేవి ఇవి. పిచ్ బెండ్ రేంజ్ మామూలుగా 2 సెమీటోన్లు ఉంటుంది, దాన్ని 5కో 12కో పెంచినప్పుడు జారుడు నున్నగా ఉందా, గరగరలాడుతోందా. మిడిలో (సింథ్‌కి స్వరాల ఆదేశాలు పంపే పద్ధతి) బెండ్‌కి 16,384 మెట్లున్నాయి, అయినా కొన్ని ప్లగిన్లు ఎందుకో గరుకుగా మారుస్తాయి. మోనో లెగాటోలో (ఒకసారి ఒకే స్వరం, తెంపు లేకుండా) గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారుడు) పెట్టినప్పుడు ఎన్వలప్ (శబ్దం పెరిగి తగ్గే తీరు) మళ్ళీ మొదలవుతుందా, లేక ఒకే మీటు మీద రెండు స్వరాలు వస్తాయా. గ్లైడ్ వంపుని మార్చుకోవచ్చా. ఆఖరుగా, స్కాలా ట్యూనింగ్ ఫైళ్ళు (సొంత స్వరస్థానాలు రాసుకునేవి) తీసుకుంటుందా. సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ అనే సింథ్‌లు రెండూ తీసుకుంటాయి, రెండూ ఉచితమే, రెండిట్లో ఎంపీఈ కూడా ఉంది, అంటే ఒక్కో స్వరాన్ని విడిగా వంచొచ్చు. తంబురా డ్రోన్ మీద సమాన విభజన (ఆక్టేవ్‌ని 12 సమాన భాగాలు చేసే పద్ధతి) గాంధారం ఎంత గుచ్చుకుంటుందో ఒకసారి విన్నాక మళ్ళీ వెనక్కి రాలేను.

హన్మకొండ_బీట్స్
అక్కా, తోడి నాకు రాదు గానీ మా దగ్గర బాణీల్లో కూడా గొంతు అలాగే జారుతుంది, సింథ్‌తో లీడ్ వేస్తే మిషన్ పాడినట్టు ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైంది. అందరికీ మస్తు థ్యాంక్స్. ఒక డౌట్, ఉచితంగా వచ్చేవి నిజంగా సరిపోతాయా, లేక అలవాటు పడ్డాక ఎక్కడో ఆపేస్తారా?

పాతకీబోర్డు
వైటల్ ఉచిత వెర్షన్‌లో కోతలు కంటెంట్‌లోనే, ఇంజన్‌లో కాదు. 75 ప్రీసెట్లు, 25 వేవ్‌టేబుల్స్ (అల ఆకారాల పట్టికలు) ఇస్తారు, మిగతా మీటలన్నీ డబ్బు కట్టినవాళ్ళకి ఉన్నవే. మ్యాట్ టైటెల్ అనే ఆయన 2020 నవంబర్‌లో విడుదల చేశాడు. సర్జ్ ఒకప్పుడు డబ్బులకి అమ్మిన సింథ్, 2018లో దాని కోడ్‌ని అందరికీ తెరిచేశారు, అప్పటినుంచి స్వచ్ఛందంగా చేసేవాళ్ళు పెంచుకుంటూ వచ్చారు. చూడ్డానికి కాస్త ప్రభుత్వ ఫారం లాగుంటుంది, లోపల మాత్రం బంగారం. ఎఫ్ఎం కావాలంటే డెక్స్‌డ్. 1983 నాటి యమహా డీఎక్స్7 కీబోర్డు ప్యాచ్ ఫైళ్ళు అలాగే ఎక్కించుకోవచ్చు, అదే 6 ఆపరేటర్లు (ఒకదాన్నొకటి ఊపే అలలు), అదే 32 అల్గోరిథమ్‌లు.

నా మాట వింటే ఒక నెల ఈ మూడింటితో ఉండు. వీటిలో నీకు ఏది చెయ్యడం కుదరట్లేదో స్పష్టంగా ఒక వాక్యంలో రాయగలిగినప్పుడు కొను.

ల్యాప్‌టాప్_పొయ్యి
ఐ5, 8 జీబీ అన్నారు కాబట్టి సీపీయూ సంగతి నేను చెప్తా, నా బతుకంతా అదే. డెమోలో ఒక స్వరం నొక్కి సీపీయూ చూడ్డం దండగ. నాలుగు స్వరాల కార్డ్ పట్టండి, రిలీజ్ (మీట వదిలాక శబ్దం ఆరే సమయం) 3 సెకన్లు పెట్టండి, రెండు ఆసిలేటర్లకీ (అలని పుట్టించేవి) యూనిసన్ (ఒకే స్వరానికి పొరలు) 8 ఇవ్వండి. అంటే 4 ఇంటూ 2 ఇంటూ 8, ఒకేసారి 64 ఆసిలేటర్లు. రిలీజ్ అయ్యేలోపు ఇంకో కార్డ్ నొక్కితే 128. ఇప్పుడు చూడండి మీటర్. అదీ మీ పాట బరువంతా ఉన్న ప్రాజెక్ట్‌లో, ఛార్జర్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి.

బఫర్ (కంప్యూటర్ ఒక విడతలో లెక్కించే శబ్దం ముక్క) 128 శాంపిల్స్ అంటే 44.1లో సుమారు 2.9 మిల్లీసెకన్లు, 512 అంటే 11.6. రికార్డ్ చేసేటప్పుడు తగ్గించి, మిక్స్ చేసేటప్పుడు పెంచుకోండి. యూ-హీ వాళ్ళ డివా లాంటివి అనలాగ్ సర్క్యూట్‌ని దగ్గరగా లెక్కగట్టడానికే ఎక్కువ సీపీయూ తీసుకుంటాయి, అది లోపం కాదు, ఆ సౌండ్ అక్కడినుంచే వస్తుంది. దాంట్లో డ్రాఫ్ట్, ఫాస్ట్, గ్రేట్, డివైన్ అని నాలుగు క్వాలిటీ మోడ్‌లున్నాయి. నేను డ్రాఫ్ట్‌లో వాయించి, పైన ఉన్నదాంట్లో రెండర్ చేసి, ఆడియోగా మార్చేసి సింథ్‌ని ఆఫ్ చేస్తా. ఫ్యాన్ కూడా విశ్రాంతి తీసుకుంటుంది.

కిక్కు_ముందు
టెక్నో అన్నావు కదా బ్రో, ఎవరూ చెప్పనిది ఒకటి. ఒకే బేస్ స్వరాన్ని 8 సార్లు వరసగా రెండర్ చేసి వేవ్‌ఫామ్ చూడు. ఎనిమిదీ వేరువేరుగా ఉంటే ఆసిలేటర్ ఫేజ్ (అల మొదలయ్యే చోటు) స్వేచ్ఛగా తిరుగుతోందని. ప్యాడ్స్‌కి అది ప్రాణం. కిక్ (బేస్ డ్రమ్) పక్కన బేస్‌కి మాత్రం ఒక్కో దెబ్బ ఒక్కో బరువుతో పడుతుంది, నువ్వేమో తప్పు కంప్రెసర్‌దనుకుని రాత్రంతా దాన్ని తిడతావు. నేను తిట్టా. సీరమ్ అనే సింథ్, వైటల్ రెండిట్లో ఫేజ్‌ని కట్టేసే నాబ్ ఉంది. నువ్వు చూస్తున్నదాంట్లో ఉందో లేదో చూసుకో.

కొత్తగా_వచ్చా
ఇవన్నీ ఎందుకు, క్రాక్ (దొంగ కాపీ) దొరుకుతుంది కదా అన్నా?

రేపే_డెడ్‌లైన్
దొరుకుతుంది. నాకూ దొరికింది, నాలుగేళ్ళ కింద. దాంతోపాటు వచ్చినది డ్రైవ్‌లో ఫైళ్ళన్నీ తాళం వేసి డబ్బడిగింది, అందులో ఒక క్లయింట్ పాట కూడా ఉంది. మంచి సింథ్‌లు ఉచితంగా ఉన్న రోజుల్లో దీనికోసం రిస్క్ ఎందుకు.

బిల్లు_చూడండి
లైసెన్స్ వైపు నుంచి రెండు ముక్కలు. డాలర్ రేటుతో ఆగొద్దు, కొన్ని సైట్లలో చివరి పేజీలో 18 శాతం జీఎస్టీ కలుస్తుంది, ఆపైన కార్డు వాళ్ళ ఫారెక్స్ ఛార్జీ. నెలనెలా కట్టి సొంతం చేసుకునే పథకాలు బాగున్నాయి గానీ, 2021 అక్టోబర్‌లో ఆటో డెబిట్‌కి ఆర్‌బీఐ కొత్త నిబంధనలు వచ్చాక విదేశీ సైట్ల నెలవారీ చెల్లింపులు చాలా కార్డుల మీద ఆగిపోయాయి. నాది మూడో నెలలో ఆగింది, సింథ్ తెరుచుకోలేదు, ఆ రోజే పాట ఇవ్వాలి. మీ కార్డు పనిచేస్తుందో ముందే చూసుకోండి.

ఎన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చు, నెట్ లేకుండా నడుస్తుందా, ఇంకొకరికి అమ్ముకోవచ్చా, ఇవి కొనకముందే చదవండి. పేరు చెప్పను, ఒక చిన్న కంపెనీ మూతపడి యాక్టివేషన్ సర్వర్ ఆగిపోయింది, కొత్త ల్యాప్‌టాప్‌లో నా పాత ప్రాజెక్టులు పదకొండు మూగబోయాయి. అప్పటినుంచి ఏ పాటైనా పూర్తవగానే ప్రతి ట్రాక్‌నీ ఆడియోగా తీసి పెట్టుకుంటున్నా. పాతవి కొనేవాళ్ళకి ఇంకోటి, వీఎస్‌టీ2 (ప్లగిన్ల పాత ఫార్మాట్) కోసం డెవలపర్లకిచ్చే కిట్‌ని, ఆ ఫార్మాట్ చేసిన స్టైన్‌బర్గ్ 2018లోనే ఆపేసింది. వీఎస్‌టీ3 వెర్షన్ లేని సింథ్ మీద ఇప్పుడు డబ్బు పెట్టొద్దు.

హన్మకొండ_బీట్స్
మూడు వారాలైంది, రిపోర్ట్ ఇస్తున్నా. మా తమ్ముడితో గుడ్డి పరీక్ష చేయించా. ఒకే బేస్ లైన్, ఒకే మిడి, నాలుగు డెమోలు ప్లస్ వైటల్, ఎఫెక్ట్స్ ఆఫ్, లెవెల్ ఒకటే. వాడు రెండర్ చేసి ఫైళ్ళకి 1 నుంచి 5 అని పేర్లు పెట్టాడు. విడిగా విన్నప్పుడు తేడాలు బాగానే చెప్పా. పాటలో డప్పులు నడుస్తుండగా వింటే మూడింటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేకపోయా, అందులో ఒకటి వైటల్! తీన్మార్ దెబ్బ ముందు ఫిల్టర్ గొప్పతనం ఏం వినబడుతుంది.

కానీ టెక్నో ట్రాక్‌లో కథ మారింది. అక్కడ లైన్ ఒక్కటే ఉంటుంది, కటాఫ్ నాలుగు నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. 3వ నంబర్ ఫైల్‌ని మూడు రోజుల్లో మూడుసార్లు ఎంచుకున్నా, తెలియకుండానే. విప్పి చూస్తే డివా. నా ల్యాప్‌టాప్‌లో డ్రాఫ్ట్ మోడ్‌లో రెండు ట్రాక్‌ల దాకా లాగుతుంది, మూడోదానికి పొయ్యి అన్న చెప్పినట్టు ఆడియోగా మార్చాల్సిందే. నవంబర్ సేల్ దాకా ఆగుతా, ఈలోపు పాటలకి వైటలే. ఆ ఫేజ్ సంగతికి కిక్కు బ్రోకి దండం, ఏడాది నుంచి నా బేస్ ఎందుకు తడబడుతోందో తెలిసింది.

వీణ_నుంచి_వైటల్
డప్పు మీద ఆ ఐదు ఫైళ్ళూ ఏ పేరూ లేకుండా ఇక్కడ పెట్టు, మేమూ వింటాం. మిడి కూడా పెట్టు, సర్జ్ మీద నేను వేసి ఆరోదాన్ని కలుపుతా.

పాతకీబోర్డు
పెట్టు. ఈసారి నాకు నంబర్లు చెప్పకండి, 3 అని చూడగానే బాగుందంటా.