జెరియాట్రిక్స్‌ని ఆన్‌లైన్‌లో చెప్పడం ఎలా? లెక్చర్ వీడియోలతో పని జరగట్లేదు

తెల్లకోటు:
ఫైనలియర్ మెడికల్ స్టూడెంట్లకి జెరియాట్రిక్స్ (పెద్దవయసువాళ్ల వైద్యం) ఆన్‌లైన్ మాడ్యూల్ తయారుచేసే పని నాకు పడింది. ఇప్పుడున్నవన్నీ రికార్డు చేసిన లెక్చర్లే: పడిపోవడం, డెలీరియం (హఠాత్తుగా వచ్చే మానసిక గందరగోళం), డిమెన్షియా (మెల్లగా ముదిరే మతిమరుపు), మూత్రం ఆపుకోలేకపోవడం, ఒక్కోదానికి ఒక్కో గంట. ప్లే చేసి వదిలేస్తున్నారు, క్విజ్‌లో మార్కులు మాత్రం బాగానే వస్తున్నాయి. వార్డులోకి వచ్చాక, ఎనభై ఏళ్ల మనిషి మగతగా పడుకుని ఉంటే ‘వయసు కదా సార్’ అంటున్నారు. ఈ సబ్జెక్టులో ఆన్‌లైన్‌కి నిజంగా ఒదిగేది ఏది, ఒదగనిది ఏది? చేసి చూసినవాళ్లు చెప్పండి.

నిదానం:
ముందు ఆ టాపిక్ వరస తీసేయండి. పెద్దవాళ్లు ఒక్క జబ్బుతో రారు, మీ మాడ్యూల్ మాత్రం ఒక్కొక్క జబ్బుగా చెబుతోంది, గొడవంతా అక్కడే. ఒకే పేషెంటుని పట్టుకుని నడిపించండి. నేను వాడే కేసు ఇది: ఈమధ్య బాగా తికమక పడుతోందని, మతిమరుపేమోనని ఒకావిడని ఇంట్లోవాళ్లు తీసుకొచ్చారు. ఇక్కడ స్టూడెంట్లందరూ డిమెన్షియా వైపు పరిగెడతారు. పరిగెత్తనివ్వండి. తర్వాతి స్క్రీన్‌లో మందుల చీటీలు తేదీలతో సహా ఒక్కొక్కటే బయటపెట్టండి. బీపీకి ఆమ్లోడిపిన్ ఇస్తే కాళ్లు వాచాయి, వాపుకి ఫ్రూసమైడ్ రాశారు, దాంతో మూత్రం ఆగక ఇబ్బంది, దానికి ఆక్సీబ్యుటినిన్ మొదలైంది, అది యాంటీకోలినెర్జిక్ (నరాల్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకునే మందు) కాబట్టి పెద్దవాళ్లలో తికమక తెస్తుంది. ‘వీటిలో ముందు ఏది ఆపుతారు, ఎందుకు?’ అని అడిగి, ఏది ఎంచుకుంటే రెండు వారాల తర్వాత ఏమవుతుందో చూపించండి. లెక్చర్‌లో ఇది ఒక్క స్లయిడ్‌లో అయిపోతుంది, ఎవరికీ గుర్తుండదు. ఇలా కాలాన్ని ముందుకీ వెనక్కీ జరపడం వార్డులో కుదరదు, ఆన్‌లైన్‌లోనే కుదురుతుంది. బీర్స్ క్రైటీరియా, అంటే పెద్దవాళ్లకి వీలైనంత వరకు ఇవ్వకూడని మందుల జాబితా, బట్టీ పట్టించకండి (1991 నాటి ఆ జాబితా మారుతూనే ఉంటుంది, 2023లో కూడా సవరించారు), ఎలా వెతుక్కోవాలో నేర్పితే చాలు.

వార్డుమనిషి:
పై మాట మందుల వరకు ఒప్పుకుంటాను. డెలీరియం సంగతి వేరు. స్టూడెంట్లకి గుర్తున్నది అరిచి, సెలైన్ పీకేసే పేషెంటే. ఎక్కువగా మన కళ్లుగప్పేది రెండో రకం, అంటే నోరెత్తకుండా పడుకునే హైపోయాక్టివ్ డెలీరియం. అందుకని నటులతో రెండు చిన్న వీడియోలు తీయించండి, ఒకే మనిషి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా. డెలీరియంని గుర్తించే క్యామ్ పద్ధతిలో ఒక్కసారిగా మొదలై హెచ్చుతగ్గులు అవ్వడం, శ్రద్ధ నిలవకపోవడం రెండూ ఉండి తీరాలి, వాటితో పాటు ఆలోచన చెదరడమో, మెలకువలో తేడానో ఏదో ఒకటి. ఇది వీడియోలో బాగానే పట్టుకోవచ్చు. చెవి సరిగ్గా వినపడని మనిషితో ఓపిగ్గా మాట్లాడటం మాత్రం ఏ మాడ్యూలూ నేర్పలేదు, దానికి పేషెంటు ఎదురుగా కూర్చోవాల్సిందే.

ఒకటి మాత్రం ఇంటి దగ్గరే చేయించొచ్చు. టైమ్డ్ అప్ అండ్ గో అనే నడక పరీక్ష: కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ అంటుంది. తెలిసిన పెద్దవాళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే, పక్కన ఇంకొకరు నిలబడి ఉండగా చేయమనండి. సెకన్లు కాదు, చూసింది రాయమనండి: లేవడానికి చేతులు ఆన్చారా, మళ్లుకునేటప్పుడు ఎన్ని చిన్న అడుగులు వేశారు. వీడియో అప్‌లోడ్ చేయించొద్దు, అనవసరమైన తలనొప్పి.

పరీక్షలబాధితుడు:
స్టూడెంటుగా నిజం చెప్తున్నా, మేం వీడియోల్ని రెట్టింపు స్పీడులో పెట్టి, క్విజ్‌లో కరెక్టు వచ్చేదాకా నొక్కుతాం, మా బ్యాచ్ అంతా ఇంతే. ఒకటే కరెక్టు ఆన్సర్ ఉంటే వాట్సాప్‌లో పది నిమిషాల్లో తిరిగేస్తుంది. ‘షుగర్ ఎంత కంట్రోల్‌లో ఉంచుతారు’ అని బాగా నీరసించిన తొంభై ఏళ్ల మనిషికీ, రోజూ తోటపని చేసుకునే తొంభై ఏళ్ల మనిషికీ విడివిడిగా అడిగితే మేం కొట్టుకుంటాం, నిజంగానే. ఇంకో మాట, మీ కేసుల్లో పెద్దవాళ్లంతా మంచానపడ్డవాళ్లే, ఆ తోటపని చేసే మనిషి ఎక్కడా కనపడలేదు. అవి చూసి చూసి వచ్చాక ‘వయసు కదా’ అనక ఏమంటామండీ?

తెల్లకోటు:
చివరి మాట గట్టిగా తగిలింది, కేసులు మారుస్తాను. మరి మార్కులు వేసేది ఎలా? క్విజ్ పూర్తిగా తీసేస్తే పైవాళ్లు ఒప్పుకోరు.

నిదానం:
క్విజ్ ఉంచండి, తక్కువ మార్కులకి. ఎక్కువ మార్కులు దీనికి ఇవ్వండి: డిశ్చార్జి మందుల చీటీ రాయించండి, ప్రతి మందు పక్కనా ఎందుకు ఉంచారో ఒక్క వాక్యం, ఆపినదానికి కూడా కారణం. ఆ చీటీని ఇంకో స్టూడెంటుకి పంపి మూడు ప్రశ్నలు వేయమనండి. దిద్దడానికి టైమ్ పడుతుంది, కాబట్టి బ్యాచ్ పెద్దదైతే ప్రశ్నలు వేసిన తీరు ఒక్కటే దిద్దండి, ఎవరు ఆలోచించారో అందులోనే తెలిసిపోతుంది.