అప్‌డేట్: మా ట్రావెల్స్‌కి రంగు కుదిరింది

కడపలో మేం పెట్టిన ట్రావెల్ స్టార్టప్‌కి బ్రాండ్ రంగుగా ఆకాశనీలం ఉంచాలా, మార్చాలా అని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా. మార్చేశాం. "మీరు తీసుకెళ్లే చోట్ల రంగులు చూడండి" అన్న సలహా పట్టుకుని తెల్లవారుజామున గండికోట వెళ్లాం. పెన్నా లోయ అంచున ఎండ పడగానే ఆ బండలు ఇటుక ఎరుపు నుంచి నారింజలోకి తిరిగాయి. అదే మా ప్రధాన రంగు. అక్షరాలకు కడప బండ నలుపు. మా ఇంటి వసారాలో పరిచిందే, తడిపితే ఎంత నిగనిగలాడుతుందో!

ఒక్కచోట దెబ్బ తిన్నాం. ఫోన్‌లో మెరిసిన నారింజ రంగు, విజిటింగ్ కార్డు మీద మసకబారింది. తెర మీద రంగు వెలుగుతో వస్తుంది, అచ్చులో నాలుగు సిరాల కలయికతో వస్తుంది. ఆ మెరుపంతా కాగితం మీదికి రాదు. ఇప్పుడు ముందు నమూనా అచ్చు తీయించి, దాన్ని బట్టి తెర రంగు సరిచేస్తున్నాం. బ్యానర్లు వచ్చే వారం. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్ అండీ.