అప్‌డేట్: లోగో దగ్గర ఆగిపోయిన ఫోన్ లేచింది

పోయిన వారం అడిగింది నేనే. రూట్ చేయబోతే (అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోబోతే) ఆండ్రాయిడ్ ఫోన్ లోగో చూపించి ఆగిపోతోంది, మళ్ళీ మొదటికొస్తోంది, ఏం చేయాలని. ఇప్పుడు బాగుంది.

తప్పు నాదే. మోడల్ ఒకటే కదా అని పాత బిల్డ్ (సాఫ్ట్‌వేర్ వెర్షన్) బూట్ ఇమేజ్‌ని, అంటే ఫోన్ ఆన్ అవడానికి వాడే ఫైల్‌ని, మ్యాజిస్క్ అనే రూటింగ్ యాప్‌తో ప్యాచ్ చేసి (మార్చి) ఎక్కించాను. ఫోన్‌లో ఉన్నదేమో కొత్త బిల్డ్. రెండింటి బిల్డ్ నంబర్ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక షాపాయన మదర్‌బోర్డే పోయిందన్నాడు, ఇంకాసేపు ఉంటే నమ్మేసేవాణ్ణి!

ఇంటికొచ్చి పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి నొక్కి పట్టుకుంటే ఫాస్ట్‌బూట్ (కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి ఫైళ్లు ఎక్కించే మోడ్) వచ్చింది. అది వచ్చిందంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే. సరైన బిల్డ్ ఫర్మ్‌వేర్ (ఫోన్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ) దించి, అందులోని అసలు బూట్ ఇమేజ్ ఫ్లాష్ చేశాక (ఎక్కించాక) మామూలుగా ఆన్ అయింది. తర్వాత అదే ఫైల్‌ని ప్యాచ్ చేస్తే రూట్ కూడా వచ్చేసింది. ఆండ్రాయిడ్ 13తోనే అమ్మకానికొచ్చిన ఫోన్లలో చాలావాటికి ప్యాచ్ చేయాల్సింది బూట్ ఇమేజ్ కాదు, ఇనిట్ బూట్ ఇమేజ్ అనే వేరే ఫైల్, చూసుకోండి.

భవానీ ద్వీపంలో తీసిన ఫొటోలు మాత్రం పోయాయి. రూట్‌కి ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసినప్పుడే డేటా మొత్తం చెరిగిపోతుంది. బ్యాకప్ తీయమని మా తమ్ముడు చెప్పనే చెప్పాడు. రూట్ చేశాక బ్యాంక్ యాప్ కూడా తెరుచుకోవట్లేదు, పాల ప్యాకెట్‌కి చిల్లర వెతుక్కుంటున్నాను.