కణం విడిపోయేటప్పుడు సీగ్యాస్ ఎందుకు గోల చేయదు?

నమస్కారం అండీ. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సోమవారం సెమినార్. ఒక డౌట్ దగ్గర ఆగిపోయి టెన్షన్ పడుతున్నాను.

నాకు అర్థమైంది ఇది. మన డీఎన్ఏ కేంద్రకంలో, కొంచెం మైటోకాండ్రియాలో ఉంటుంది. సైటోప్లాజంలో డీఎన్ఏ కనబడితే హెర్పిస్ లాంటి వైరస్ దూరిందేమోనని కణానికి అనుమానం. సీగ్యాస్ అనే ఎంజైమ్ దాన్ని పట్టుకుని, ఏటీపీ, జీటీపీలతో సీజీఏఎంపీ అనే చిన్న అణువును తయారు చేస్తుంది. అది స్టింగ్ అనే ప్రోటీన్‌ను తట్టి లేపుతుంది. తర్వాత టీబీకే1, ఐఆర్ఎఫ్3 అనే ప్రోటీన్లు వరుసగా లేస్తాయి, చివరికి వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ వస్తుంది. డల్లాస్‌లో ఝిజియాన్ చెన్ బృందం 2013లో ఈ సీగ్యాస్ ఎంజైమ్‌ను బయటపెట్టింది. ఇంతవరకు బొమ్మ గీసేశాను, బాగానే వచ్చింది.

బొమ్మ చూసి మా జూనియర్ ఒక్క ప్రశ్న అడిగింది, నోట మాట రాలేదు. సీగ్యాస్‌కు డీఎన్ఏ వరుసతో పని లేదు, ఎవరిదైనా ఒకటే. మరి కణ విభజనలో కేంద్రకం పొర చెదిరిపోయి మన క్రోమోజోములన్నీ దాని ఎదుటే పడతాయి కదా, అప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఎందుకు రాదు?

న్యూక్లియోసోమ్ (హిస్టోన్లనే ప్రోటీన్లకు డీఎన్ఏ చుట్టుకున్న ఉండ) మీది ఆసిడిక్ ప్యాచ్‌కు, అంటే రుణావేశం ఉన్న చోటుకు, సీగ్యాస్ అతుక్కుపోయి పనిచేయలేదని 2020 నాటి పేపర్లలో చదివాను. విభజన సమయంలో దానికి ఫాస్ఫేట్ కూడా తగిలించి ఆపుతారని ఇంకోచోట ఉంది. ఈ రెంటిలో అసలు తాళం ఏది? రెండూ కావాలా? హిస్టోన్లు లేవు కాబట్టే మైటోకాండ్రియా డీఎన్ఏ కారితే సీగ్యాస్ లేస్తుందని చెప్పొచ్చా?

ల్యాబ్‌లో దీని మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, ప్లీజ్.