తమ్ముడు సైన్యంలో చేరాక మారిన మావాళ్ల తీరు గురించి సలహా కావాలి

మాది శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె. మా తమ్ముడు 2023లో అగ్నిపథ్ పథకం కింద అగ్నివీరుడిగా సైన్యంలో చేరాడు. ఇంటర్ తప్పినప్పుడు వాడిని కొరగానివాడని తీసిపారేసిన మా పెదనాన్నగారే, ఇప్పుడు వాడు సెలవుకు వస్తే బస్టాండుకు ఎదురువెళ్లి ట్రంకు పెట్టె తానే మోసుకొస్తున్నారు. యుద్ధం జరగాల్సిందేనని అరుగు మీద గొంతు చించుకున్న మా నాన్నగారు మాత్రం, 2025 మే నెలలో పాకిస్తాన్ సరిహద్దులో ఘర్షణల వార్తలు వచ్చిన రోజుల్లో కలిపిన అన్నం ముద్ద కంచంలోనే వదిలి లేచిపోయేవారు. ఆ మార్పు నాకు అర్థమైంది.

నన్ను కలవరపెడుతున్నది వేరొకటి. అగ్నిపథ్ కొలువు నాలుగేళ్లదేనని, ఆ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారని తెలిసినా, మావాళ్లు దానిని శాశ్వత ఉద్యోగంగా చెప్పుకుంటూ పెళ్లి సంబంధాలు చూస్తున్నారు (కట్నం లెక్కలు కూడా మొదలయ్యాయి). తమ్ముడేమో ఫోనులో నోరు మెదపడు.

ఇలాంటి స్థితిని ఎదుర్కొన్న కుటుంబాలవారు దయచేసి చెప్పండి: అమ్మాయి తరపువారికి ఈ సంగతి ముందుగా ఎవరు, ఎలా చెప్పారు? సైన్యంలో కొలువు ముగించుకుని వచ్చిన మీ అబ్బాయిని ఊరివారు, బంధువులు ఎలా చూశారు?