పాత స్క్రాప్ యార్డులో పిల్లల పార్కు: మట్టి తవ్వి తీసేయాలా, పైన కప్పేస్తే సరిపోతుందా?

మింది వాసి:
విశాఖలో మా కాలనీ పక్కన ఒక పాత స్క్రాప్ యార్డు మూతపడి ఖాళీగా ఉంది. ఏళ్ల తరబడి అక్కడ బ్యాటరీలు పగలగొట్టారు, కేబుళ్లు కాల్చి రాగి తీశారు, లారీ ఇంజిన్లు విప్పారు. ఇప్పుడు అడుగు మందాన గ్రావెల్ పరిచి పిల్లల పార్కు చేస్తారట. నేను ఒప్పుకోను. మూడడుగులు తవ్వి, ఆ మట్టిని పరవాడ దగ్గరున్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. పార్కు మాట ఆ తర్వాతే.

సివిల్ ఇంజినీర్, పెందుర్తి:
లెక్క చూడండి. ఎకరం స్థలంలో మూడడుగులు తవ్వితే దాదాపు 3,700 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. వందల టిప్పర్లు మీ వీధుల్లోంచే వెళ్లాలి, ఆ దుమ్మంతా మీ ఇళ్లలోకే వస్తుంది. సీసం మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, ఇనుమూ బంకమన్నూ ఉన్న ఎర్రమట్టిలో ఇంకా గట్టిగా. మామూలుగా పైపొరలోనే ఆగిపోతుంది. జియోటెక్స్‌టైల్ (కింది మట్టి పైకి కలవకుండా ఆపే గట్టి గుడ్డ) పరిచి, పైన కాంక్రీటు గచ్చు వేసి, వాన నీరు నిలవకుండా వాలు ఇస్తే చాలు.

యార్డుల్లో పనిచేశాను:
ఇంజినీర్ గారూ, బ్యాటరీ పగలగొట్టే చోట యాసిడ్ కూడా ఒలుకుతుంది. యాసిడ్ దిగిన చోట సీసం మట్టిని వదిలేసి నీళ్లతో పాటు కిందికి పోతుంది.

అసలు యార్డంతా ఒకేలా ఉండదండీ. కాటా దగ్గర, ఇనుము కుప్పపోసే చోట తుప్పు, గ్రీజు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. బ్యాటరీలు ఒక మూలన, గోడ వారన పగలగొట్టేవాళ్లం. కేబుళ్లు పొగ కనబడకుండా రాత్రిపూట వెనకాల కాల్చేవాళ్లం. ఆ బూడిదలో సీసం, రాగి, కేబుల్ తొడుగులోని పీవీసీ ప్లాస్టిక్ కాలితే పుట్టే డయాక్సిన్లనే విషాలు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ వంపే జాగా వేరు. పాత ట్రాన్స్‌ఫార్మర్లు కొన్నింటిలో పీసీబీలనే రసాయనాలు ఉండేవి, అవి దశాబ్దాల పాటు మట్టిలోంచి పోవు. ఇవేవీ ఏ ప్లాన్‌లోనూ కనిపించవు, పనిచేసినవాళ్లకే తెలుసు. ముందు ఆ యార్డులో చేసినవాళ్లను పిలిచి స్థలంలో నడిపించండి. వాళ్లు చూపించిన చోట్ల దగ్గర దగ్గరగా, లోతుగా శాంపిళ్లు తీయండి. మిగతా చోట ఎడంగా తీసినా చాలు. సీసం ఎంతుందో చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్ఎఫ్ మిషన్ అక్కడికక్కడే చూపిస్తుంది. ఆయిల్‌కి మాత్రం ల్యాబ్‌కే వెళ్లాలి.

రేడియేషన్ మీటర్‌తోనూ ఒకసారి తిరగాలి. 2010లో ఢిల్లీ యూనివర్సిటీ వేలంలో అమ్మేసిన పాత యంత్రం మాయాపురి స్క్రాప్ కొట్లకు చేరింది. అందులో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. ఒక కార్మికుడు చనిపోయాడు. విప్పినవాళ్లకు అదేమిటో తెలీదు.

ఇంకో మాట. పార్కుకొచ్చే పిల్లల గురించి అందరూ రాస్తున్నారు. బట్టల నిండా సీసం దుమ్ముతో ఇంటికెళ్లిన కూలీల పిల్లలకు రక్త పరీక్ష చేయించమని ఒక్కరూ రాయలేదు.

గాజువాక అమ్మ:
అన్నా, ఆ రక్త పరీక్ష మాట మనం పెట్టే అర్జీలో అన్నిటికంటే ముందు రాయాలి. చిన్నపిల్లల ఒంట్లోకి వెళ్లిన సీసం పెద్దవాళ్లలో కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా రక్తంలో కలుస్తుంది. ఇంత వరకైతే ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంజినీర్ గారూ, గచ్చు వేయండి, కాదనను. కానీ అది లారీల పార్కింగ్‌కి, పిల్లలకి కాదు. పార్కన్నాక మొక్కలు నాటుతారు, ఊయల స్తంభాలు పాతుతారు, పైపులు వేస్తారు. ఎప్పుడో ఒకప్పుడు తవ్వుతూనే ఉంటారు. 2014లో హుద్‌హుద్ తుఫాను చెట్లను వేళ్లతో సహా లేపేసిన ఊరు మనది. వేళ్లతో పాటు కింద మట్టీ పైకొస్తుంది కదా!

లాయర్, ఎంవీపీ కాలనీ:
ఖర్చు ఎవరిదన్నది ఎవరూ అడగలేదు. పాడుచేసినవాడే బాగుచేయించాలని 1996లోనే రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామంలో రసాయన ఫ్యాక్టరీల కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కలుషిత స్థలాల నిర్వహణకే కేంద్రం 2025 జులైలో విడిగా నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలం గురించి తెలిశాక కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా వేయాలి, ఆ తర్వాత వివరమైన సర్వే చేయాలి. బాధ్యుడు దొరక్కపోతే ఖర్చు ప్రభుత్వాలు చూసుకోవాలి. గ్రావెల్ పరిచేలోపే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పరిచాక రుజువులన్నీ కిందే ఉండిపోతాయి.

పరవాడ మండలం:
మీ మట్టి మా దగ్గరికి పంపేద్దామని ఎంత తేలిగ్గా అనేశారండీ! మీ పిల్లలకు పనికిరానిది మా ఊరి పక్కన ఎందుకు?

మింది వాసి:
మీ కోపం న్యాయమైనదే. అయినా కింద లైనర్ (నీళ్లు నేలలోకి దిగకుండా ఆపే పొర) వేసి, ఊరే నీటిని పట్టి శుద్ధి చేసే చోటుకీ, మా వీధి చివర గోడ కూడా లేని జాగాకీ తేడా ఉంది. బ్యాటరీ మూల, కేబుళ్లు కాల్చిన బూడిద వరకే పంపమని అడుగుదాం. సిమెంటు కలిపి గట్టిపరిచాక, తడిపి, లారీలపై టార్పాలిన్ పట్టాలు కప్పి.

సివిల్ ఇంజినీర్, పెందుర్తి:
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. ఆయిల్ మట్టిని మాత్రం అందులో కలపొద్దు. పీసీబీలు బయటపడితే దానికి సిమెంటు సరిపోదు, బాగా ఎక్కువ వేడి మీద కాల్చే ఏర్పాటు కావాలి.

పరవాడ మండలం:
గట్టిపరిచిన మట్టిలోంచి నీళ్లలోకి సీసం ఎంత దిగుతోందో పరీక్ష చేసిన రిపోర్టు మా పంచాయతీకి కూడా ముందే ఇవ్వాలి. అది లేకుండా వస్తే లారీలు ఆపుతాం.